హార్డ్ డిస్క్ పక్కన వైర్‌లెస్ మౌస్: నా అనుభవం

హనుమకొండలో ఇంటి వద్దనే పెళ్లిపత్రికలకు, చిన్న పుస్తకాలకు డీటీపీ చేసి ఇవ్వడం నా పని. రోజంతా ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద వేళ్లు రుద్దీ రుద్దీ కుడి మణికట్టు నొప్పి పెట్టడంతో, చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో వైర్‌లెస్ మౌస్ కొన్నాను. అడుగున మూత తీసి డబుల్ ఏ బ్యాటరీ ఒకటి వేసి, ఆ బ్యాటరీ గదిలోనే ఉన్న గోరంత రిసీవర్‌ను యూఎస్‌బీ పోర్టులో పెట్టి, మీట జరపగానే అది పనిచేసింది. నా బల్ల మీది అద్దంపై మాత్రం కదలలేదు. మౌస్ కిందికి వెలుగు వేసి, సెకనుకు వేయికి పైగా చిత్రాలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి కదలికను పసిగడుతుంది కాబట్టి, వెలుగు దాటిపోయే అద్దం మీద దానికి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. పాత క్యాలెండరు అట్ట పరచుకున్నాను.

అసలు కష్టం నాలుగో రోజు ఎదురైంది. ఒక కవితా సంపుటికి ప్రూఫు దిద్దుతూ, 'స్వాతంత్ర్యం'లోని చివరి ఒత్తు ఒక్కటే తప్పుగా పడిందని దాన్ని ఎంచుకోబోతే, బాణం గుర్తు ఆ అక్షరం ముందు ఆగి, ఒక్క క్షణం తరువాత ఎగిరి పక్క పాదంలో పడేది. ఈసారైనా నిలుస్తుందని మెల్లగా జరిపితే పాదం మొత్తం ఎంపికై, మరో మీట తగలగానే చెరిగిపోయేది. కొత్త బ్యాటరీ వేశాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ తెరిచాను. చివరికి దుకాణానికి వెళ్లి, పాడైన సరుకు అంటగట్టారని గట్టిగానే మాట్లాడి మరొకటి తెచ్చుకున్నాను. అదీ అలాగే చేసింది.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి రెండు రోజులు నా అవస్థ గమనించి, "బాపూ, హార్డ్ డిస్క్ పెట్టినప్పుడే ఇట్ల అయితుంది, తీసి సూడు" అన్నది. ల్యాప్‌టాప్‌కు బయట తగిలించిన ఆ డిస్కును తీశాను, మౌస్ నూనె పోసినట్లు నడిచింది. మళ్లీ పెట్టాను, మళ్లీ మొరాయించింది. పుస్తకం ఫైళ్లన్నీ ఆ డిస్కులోనే ఉండడం వల్ల, సరిగ్గా పని ఉన్న వేళలోనే ఈ తిప్పలు వచ్చేవి.

కారణం వెతికితే తెలిసింది. మౌస్ తన రిసీవర్‌తో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలపై మాట్లాడుతుంది. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సమాచారం పంపే యూఎస్‌బీ 3.0 పరికరాలు, వాటి తీగలు ఆ తరంగాల పరిధిలో కూడా రేడియో రొదను వెదజల్లుతాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. నా ల్యాప్‌టాప్‌కు ఎడమవైపు నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో డిస్కు, రెండోదానిలో రిసీవర్. అంత రొద పక్కన మౌస్ పలికే సన్నని మాట రిసీవర్‌కు వినపడకపోవడం సహజమే.

మూరెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి, రిసీవర్‌ను దాని కొసకు తగిలించి, డిస్కుకు దూరంగా మౌస్ అట్ట అంచున పెట్టాను. ఆ రాత్రి డిస్కు తీయకుండానే 64 పేజీల ప్రూఫు పూర్తి చేశాను. ఒక్క ఒత్తు దగ్గర కూడా బాణం గుర్తు తడబడలేదు. మరునాడు తీగను వెంట తీసుకొని ఆ దుకాణానికి వెళ్లి, సరుకులో లోపం లేదని, అన్న మాటలకు మన్నించమని చెప్పి, జరిగినదంతా చూపించి వచ్చాను.