టాలర్ల లాగ్: తూకం, సాంద్రత అయ్యాయి, ఇక ట్రేలు

జర్మన్ రాజ్యాల పెద్ద వెండి నాణేలైన టాలర్లను ఈ విడత పాలకుల వారీగా కాక ప్రమాణాల వారీగా వేరు చేశాం. టాలర్ అన్న పేరొక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. 1566 సామ్రాజ్య ప్రమాణంలో ఒక కొలోన్ మార్కు (పాత తూకపు కొలత, సుమారు 233.86 గ్రా.) మేలిమి వెండికి తొమ్మిది టాలర్లు: 29.23 గ్రా. బరువు, 889 స్వచ్ఛత (వెయ్యి పాళ్లలో వెండి పాళ్లు). 1753 కన్వెన్షన్ (ఒప్పందపు) టాలర్లు మార్కుకు పది: 28.06 గ్రా., 833. ప్రష్యాలో 1750 గ్రౌమన్ ప్రమాణంతో పద్నాలుగు: 22.27 గ్రా., 750. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ నాణెం మీద ‘రైఖ్స్‌టాలర్’ అని ఉన్నా మేలిమి వెండి 16.7 గ్రాములే. 1566 నాటి దాంట్లో దాదాపు 26.

2/3 టాలర్లు ఇంకా ఆసక్తికరం. 1690 లైప్‌జిగ్ ప్రమాణపు నాణెం 750 స్వచ్ఛతతో 17.3 గ్రా. తూగుతుంది. జర్మనీలోని హార్జ్ గనుల వెండితో కొట్టిన ‘ఫైన్ సిల్బర్’ (మేలిమి వెండి) రకం 13 గ్రాములే, కానీ దాదాపు మేలిమి. రెండింటిలోనూ వెండి ఒకటే. తక్కువ తూగిందని దాన్ని అనుమానించకండి.

స్వచ్ఛతను అంచనా వేసేది సాంద్రతతో. దానికి 0.01 గ్రా. తూకం, డిస్టిల్డ్ వాటర్, సన్న దారం చాలు. నీళ్ల గ్లాసును తూకం మీద పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని దారంతో వేలాడదీసి, అడుగుకు, గోడకు తగలకుండా పూర్తిగా ముంచాలి. పొడి బరువును ఆ రీడింగ్‌తో భాగిస్తే సాంద్రత: 889కి సుమారు 10.3, 833కి 10.2, 750కి 10.06. కన్వెన్షన్ టాలర్‌కు రీడింగ్ 2.75 రావాలి. అక్షరాల సందుల్లో 0.03 మి.లీ. గాలి బుడగ చిక్కినా 2.78 అయి, ఫలితం 10.09కి పడిపోతుంది. మంచి నాణెం 750 లాగా కనిపిస్తుంది. అందుకే నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, నాణేన్ని మెల్లగా ఊపి, మళ్లీ చూడాలి.

అంచు మీద పన్నెండు గంటల దగ్గర లెన్స్‌తో తప్పక చూడాలి. నగగా వాడినప్పుడు కొక్కెం అతికించి, తర్వాత తీసేసిన టంకం మచ్చ ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. నాణెం ముఖం మీద సమాంతర గీతలుంటే అది వేరే సంగతి: కొట్టక ముందు బరువు సరిచేయడానికి టంకసాలలోనే ఆకురాయి పెట్టారు. రోలర్ యంత్రంలో అచ్చయినవి కాస్త వంగి ఉండడమూ లోపం కాదు.

1619–23 కిప్పర్ కాలపు (నాణేల్లో వెండి తగ్గించి కల్తీ చేసిన రోజుల) చిల్లరకు ఈ పట్టిక పనికిరాదు. కల్తీ మరీ ఎక్కువ కనుక వాటికి విడి ట్రే.

ట్రేలకు పీవీసీ కవర్లు వద్దు, ఆకుపచ్చ జిగురు పట్టేస్తుంది. పట్టినవాటిని గాలి ఆడేచోట, మంటకు దూరంగా, శుద్ధ అసిటోన్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వాలి. సిల్వర్ డిప్ (వెండిని మెరిపించే ద్రావణం) మాత్రం ముట్టొద్దు, పాత రంగు పోతే తిరిగి రాదు.