కదిరి తెరుచుకుంది, గుత్తి మొరాయించింది: తెలుగు పేర్లతో వాన గ్రాఫులు

అనంతపురం చుట్టుపక్కల ఊళ్ల వాన లెక్కలతో నేను గీసే గ్రాఫుల్లో పేర్లు తెలుగులోనే ఉండాలన్నది మొదటి నుంచీ నా పట్టు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే నేల ఇది. చెనిక్కాయ వేసేవాళ్లు ఏ వారం ఎంత పడిందో చూసుకుంటారు, వాళ్లకు ఇంగ్లీషు పేర్లతో పనేముంది? నా లైనక్స్ డెస్క్‌టాప్‌లో, ఒత్తుల సంగతి పక్కన పెడితే, అన్నీ సరిగానే వచ్చేవి. ఆ గ్రాఫులు గీసే పైథాన్ స్క్రిప్టును (చిన్న ప్రోగ్రాం) కదిరిలో ఉండే మా చిన్నాన్న కొడుక్కి పంపాక గోల మొదలైంది. వాడిది విండోస్ ల్యాప్‌టాప్.

ఊరికో సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్టు. మొదటి వరుసలో ఊరి పేరు తెలుగులో, దాని కింద తేదీ, మిల్లీమీటర్లు, అన్నీ అంకెలే. వాడు ఫోన్ చేసి, "అన్నా, కదిరి ఫైలు తెరుచుకుంటాంది గానీ పేరు గలీజుగా వస్తాంది. గుత్తి అయితే తెరుచుకోనే లేదు" అన్నాడు. రెండూ ఒకే చోట, ఒకే రోజు తయారైన ఫైళ్లు. మరి తేడా ఎక్కడిది?

స్క్రీన్‌షాట్ పంపమన్నాను. కదిరి ఉండాల్సిన చోట తల మీద చిన్న గీతతో ఇంగ్లీషు 'ఎ', పక్కనే ° గుర్తు, మళ్లీ 'ఎ', మళ్లీ °. చూడగానే సగం సంగతి తెలిసిపోయింది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. నా ఫైళ్లది యూటీఎఫ్-8, అందులో ఒక్కో తెలుగు కోడ్‌కు (అక్షరానికో గుర్తుకో ఉండే నంబరు) మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఈ0 (బైట్లను ఇలా అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి హెక్స్‌లో రాస్తారు), రెండోది బీ0 లేదా బీ1. విండోస్ పాత పద్ధతిలో, అంటే విండోస్-1252లో, ఈ0 అంటే ఆ గీతున్న 'ఎ', బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ± గుర్తు. కదిరిలో క, ద, గుడి, ర, గుడి, మొత్తం అయిదు కోడ్‌లు. అయిదింటికీ రెండో బైటు బీ0. ర మూడో బైటు కూడా బీ0 కాబట్టి అక్కడ రెండు డిగ్రీలు పక్కపక్కనే పడ్డాయి. ఇలా ° ± వరసగా కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఫైలులో తెలుగు భద్రంగానే ఉంది, చదివే పద్ధతే వేరు.

గుత్తి సంగతి ఇంకా బాగుంది. 81 అనే బైటును డీకోడ్ చేయలేకపోయాననీ, అది 5వ స్థానంలో ఉందనీ పైథాన్ ఎర్రర్. సున్నా నుంచి లెక్కపెడితే 0, 1, 2 గ-వి. 3, 4, 5 కొమ్మువి. కొమ్ము మూడో బైటే ఆ 81. విండోస్-1252లో 81కి ఏ అక్షరమూ లేదు. పొల్లు చివరి బైటు 8డీ, దానికీ లేదు. అందుకే కొమ్మూ పొల్లూ లేని కదిరి, మడకశిర, ఉరవకొండ పిచ్చి గుర్తులతోనైనా తెరుచుకున్నాయి. గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, రాయదుర్గం అక్కడికక్కడే ఆగిపోయాయి. నన్నడిగితే గుత్తే మేలు. ఎర్రర్ రాకుండా చెత్త గీసే ప్రోగ్రాం కన్నా ఆగిపోయేదే నయం.

కారణం పైథాన్ డిఫాల్టు. మా దగ్గరున్న పైథాన్ వెర్షన్లలో, ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే సిస్టమ్ దేన్ని వాడుతుంటే దాన్నే తీసుకుంటుంది. లైనక్స్‌లో అది యూటీఎఫ్-8, వాడి విండోస్‌లో 1252. పైథాన్ 3.7 నుంచి యూటీఎఫ్-8 మోడ్ ఆన్ చేసే వీలుంది గానీ, అది ప్రతి మెషీన్‌లోనూ గుర్తుపెట్టుకుని పెట్టాలి. స్క్రిప్టులో ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ రాసేశాను. రాసింది ఉత్త యూటీఎఫ్-8 కాదు, యూటీఎఫ్-8-సిగ్. ఎందుకంటే మావాడు మధ్యలో ఫైళ్లను ఎక్సెల్‌లో తెరిచి 'సీఎస్‌వీ యూటీఎఫ్-8'గా సేవ్ చేస్తుంటాడు. అప్పుడు ఫైలు మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు చేరతాయి, పేరు చూడ్డానికి కదిరే గానీ పోల్చితే కలవదు. సిగ్ ఉంటే ఆ బైట్లున్నా లేకపోయినా నడుస్తుంది. మామూలు సీఎస్‌వీగా మాత్రం సేవ్ చేయవద్దని గట్టిగా చెప్పాను. తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది, ఇక వెనక్కి రాదు.

తర్వాత వాడి గ్రాఫులో అక్షరాల బదులు డబ్బాలు. ఇది ఫాంటు లేకపోవడమే, ఎన్‌కోడింగ్‌తో సంబంధం లేదు. పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్. అది మామూలుగా వాడే డెజావు సాన్స్ ఫాంటులో తెలుగు లేదు. హెచ్చరికలో గ్లిఫ్ (ఫాంటులోని అక్షరం బొమ్మ) 3095 లేదని వస్తుంది, అది గ. 3072కీ 3199కీ మధ్య అంకె ఉంటే తెలుగే అనుకోవచ్చు. విండోస్‌లో తెలుగున్న నిర్మలా యూఐ ఫాంటు ఉంది, నా దగ్గర అది లేదు. అందుకని నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఫైలును స్క్రిప్టు పక్కనే పెట్టి అక్కడి నుంచే లోడ్ చేయిస్తున్నా.

ఫాంటు వచ్చాక కూడా గుత్తి గుత్తిలా లేదు. త, దాని మీద పొల్లు, పక్కన ఇంకో త. అక్షరాలను కలిపి ఒత్తు చేసే పని నా దగ్గరున్న మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్ చేయదు. ఇది రెండు మెషీన్లలోనూ ఒకటే. చివరికి గ్రాఫును ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైలుగా, అక్షరాలను గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే వదిలేసే సెట్టింగుతో సేవ్ చేశాను. బ్రౌజర్‌లో తెరిస్తే ఒత్తు బుద్ధిగా కిందికి వచ్చింది. పీఎన్‌జీ కావాలన్నప్పుడు గ్నూప్లాట్ అనే ఇంకో గ్రాఫు ప్రోగ్రాం వాడుతున్నా. దాని పీఎన్‌జీకైరో టెర్మినల్ (బొమ్మ రాసే మోడ్) అక్షరాలను కలిపే పాంగో లైబ్రరీ మీద నడుస్తుంది కాబట్టి ఒత్తులు సరిగా పడతాయి. గ్నూప్లాట్ స్క్రిప్టు మొదటి వరుసలోనే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టాలి. ఉత్త పీఎన్‌జీ టెర్మినల్ జోలికి పోవద్దు.

నెలల పేర్లకు సిస్టమ్‌లోని భాష సెట్టింగును, అంటే లొకేల్‌ను నమ్ముకోలేదు. లైనక్స్‌లో దాని పేరు ఒకటి, విండోస్‌లో ఇంకొకటి. జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండూ చేత్తో రాసుకుంటే గొడవ పోయింది.

ఇంకొకటి తేలాల్సి ఉంది. పాత మ్యాక్ ఉన్న స్నేహితురాలికి పంపిన 'నైరుతి' ఫోల్డర్ తిరిగి వచ్చాక నా స్క్రిప్టుకు దొరకడం లేదు. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లలో ఐత్వాన్ని విడగొట్టి, ఎత్వం ఒకటీ కింది గుర్తు ఒకటీగా రెండు కోడ్‌లుగా దాస్తాయి. పేర్లను పోల్చేముందు రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడిపోయిన కోడ్‌లను ఒకటిగా కలిపేది) మార్చే వరుస రాశాను. ఆమె ఈశాన్య రుతుపవనాల ఫోల్డర్ కూడా పంపితే పరీక్షించాలి, దాని పేరులో ఐత్వం లేదు కాబట్టి ముందూ వెనకా ఒకేలా దొరకాలి.