సంకల్పంలో పలికే ఉత్తరాయణం

సంక్రాంతినాడు నువ్వులూ నీళ్లూ చేతబట్టి పితృతర్పణానికి కూర్చున్నవారు సంకల్పంలో "ఉత్తరాయణే, హేమంత ఋతౌ, పుష్య మాసే" అని పలుకుతారు. ముందురోజు వరకు అక్కడ "దక్షిణాయనే" అనే మాట ఉండేది. అయితే సూర్యుడు ఉత్తరానికి మళ్లడం డిసెంబరు 21, 22 తేదీలలోనే మొదలవుతుందని తెలిసిన భక్తునికి, మూడు వారాలు దాటాక పలికే ఈ మాట సత్యమేనా అన్న సందేహం కలుగుతుంది. దేవుని ఎదుట అసత్యం ఆడకూడదన్న భయంలోంచి వచ్చిన సందేహం కనుక దీనిని తోసిపుచ్చడం తగదు.

సూర్యుడు మళ్లినట్లు కనిపించడానికి కారణం, దాదాపు ఇరవైమూడున్నర డిగ్రీలు ఒరిగిన అక్షంతో భూమి ఆయన చుట్టూ తిరగడం. మకర సంక్రమణాన్ని మన పంచాంగాలు స్థిరమైన నక్షత్రాలను బట్టి లెక్కిస్తాయి. ఆ అక్షం కూడా సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టుగా మెల్లగా దిశ మార్చుకుంటున్నందువల్ల, నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం ఋతువులను బట్టి లెక్కించే సంవత్సరం కంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. సుమారు 1700 ఏళ్ల కిందట కలిసి వచ్చిన రెండు ఘట్టాలు ఆ నిమిషాలు పోగుపడి ఇంత దూరమయ్యాయి. వివేకానందస్వామి జన్మించిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి దినమే. ఇప్పుడు ఆ పండుగ 14న గానీ 15న గానీ వస్తోంది.

ఒకే గమనానికి రెండు కొలతలు ఉండటం మన పెద్దలకు కొత్త కాదు. ఆర్యభటుడు 43,20,000 సంవత్సరాల యుగంలో భూమి 158,22,37,500 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుందని చెప్పాడు. అదే యుగంలో సూర్యోదయాలతో లెక్కించే దినాలు 157,79,17,500. తేడా సరిగ్గా 43,20,000, అంటే ఏడాదికి ఒకటి. నక్షత్రాన్ని బట్టి చూస్తే భూమి 23 గంటల 56 నిమిషాల చిల్లరలో ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అప్పటికి కక్ష్యలో కొంత ముందుకు జరిగి ఉంటుంది కనుక, మళ్లీ సూర్యునికి ఎదురు కావడానికి సుమారు నాలుగు నిమిషాలు అదనంగా తిరగాలి. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు సూర్యనమస్కారం చేసినంత తృప్తి కలుగుతుంది.

కనుక సంక్రాంతి సంకల్పాన్ని మార్చనక్కరలేదని నా నమ్మకం. అక్కడ ఉత్తరాయణమంటే మకర రాశిలో ప్రవేశించిన సూర్యుని పుణ్యకాలమని ఎరిగి పలికితే చాలు. డిసెంబరులో ఆయన మళ్లే ఉదయాన మరో దోసెడు అర్ఘ్యం ఇవ్వడానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు.