సదరంలో మొదటిసారి 62, రెండోసారి 112

మా పిల్లోడి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు తేల్చిచ్చే కాగితం, సోమవారం చేతికొచ్చింది. ఆటిజం, 70 శాతం. మొదటిసారి పోయినప్పుడు ఆటిజమే లేదని పంపించేసినారు. పిల్లోడు అదే పిల్లోడు, ప్రశ్నలు అవే నలభై ప్రశ్నలు. మారింది నేను చెప్పిన జవాబులు. అనంతపురం చుట్టుపక్కల ఇదే పని మీద తిరుగుతున్న అమ్మానాయనలు నాలాగా నష్టపోకూడదని, అన్నీ గుర్తుండగానే రాస్తున్నా.

మొదటి మెట్లు పెద్ద కష్టం కాదు. ఏడాదిన్నర దాటిన బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, వేలు పెట్టి "అదో" అని చూపించకపోయినా, కావలసింది అడక్కుండా మన చెయ్యి పట్టుకొని ఆ వస్తువు మీద పెడుతున్నా పిల్లల డాక్టరు దగ్గరికి పోండి. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఆటిజం అనుమానం ఉందేమో చూడటానికి ఎం-చాట్ అని 20 ప్రశ్నలు అడుగుతారు. 3 నుంచి 7 దాకా వస్తే అవే ప్రశ్నలు విడమరిచి మళ్ళీ అడుగుతారు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకు పంపుతారు. "వాళ్ళ మేనమామకు కూడా అయిదేండ్లకు గానీ మాటలు రాలేదు" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళ మాట విని ఏడాది పోగొట్టుకోవద్దు. కదిరి నరసింహస్వామికి మేమూ మొక్కుకున్నాం. మొక్కు దారి మొక్కుది, పరీక్ష దారి పరీక్షది. వస కొమ్ము అరగదీసి నాకించడం మాత్రం వద్దు. ఎక్కువైతే పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి.

వినపడక మాటలు రాలేదా అన్నది ముందు తేల్చాలి. దానికి బేరా పరీక్ష. నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అతికించి నిద్రలో తీస్తారు. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారుజామున నాలుగింటికే లేపండి. తలకు నూనె పెట్టొద్దు, అతుకులు నిలబడవు. ఆటోలో అరగంట కునుకు తీసినా అక్కడికి పోయినాక పడుకోరు, పరీక్ష ఇంకో వారానికి పోతుంది. నిద్రమందు ఇవ్వాల్సి వస్తే ఆసుపత్రిలోనే ఇస్తారు, ఇంటి దగ్గర తాగించి తీసుకురావద్దు.

తర్వాత నిర్ధారణ. జిల్లా పెద్దాసుపత్రుల్లో ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పెట్టిన డీఈఐసీ విభాగాలు (ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకునే కేంద్రాలు) 18 ఏండ్ల దాకా పిల్లలను ఉచితంగా చూస్తాయి. మేము బెంగుళూరులో మెదడు, మనసు జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రికి పోయినాం. బయట చేయించేవాళ్ళు క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఆ నంబరు లేనివాళ్ళ కాగితం ఎక్కడా చెల్లదు.

ఇక సదరం. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు బుక్ చేసుకోవాలి. స్లాట్లు ఎప్పుడంటే అప్పుడు ఉండవు, వదిలినప్పుడే పట్టుకోవాలి. బిడ్డ ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. అయిదేండ్లు దాటితే వేలిముద్రల అప్‌డేట్ కూడా చేయించాలి. ఇది చూసుకోక గేటు దగ్గర నుంచే వెనక్కి పోయినవాళ్ళను ఆరోజు ముగ్గురిని చూసినా.

ఆసుపత్రి పేరు రాయను. పొద్దున ఎనిమిదికి పోతే మధ్యాహ్నం ఒకటిన్నరకు పిలిచినారు. అయిదున్నర గంటలు ఆ వరండాలో పిల్లోణ్ణి ఆపలేక ఫోన్ ఇచ్చినా. అది మొదటి తప్పు. లోపలికి పోయేసరికి వాడు ఫోన్‌లో తలపెట్టి బొమ్మలా కూర్చున్నాడు. డాక్టరు చూసింది ఆ నిమ్మళంగా కూర్చున్న పిల్లోణ్ణే.

గదికి తలుపు వేయలేదు. వరుసలో ఉన్నోళ్ళంతా నా వెనకే నిలబడినారు. "కళ్ళలోకి చూస్తాడా అమ్మా?" అని అడిగినాడు. "చూస్తాడు సార్." "పిలిస్తే పలుకుతాడా?" "పలుకుతాడు సార్." "వేరే పిల్లలతో ఆడతాడా?" "ఆడతాడు." అంతమంది ముందు నా బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి నోరు రాలేదు. ఏ తల్లికైనా అంతే. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. "పిల్లోడు బాగానే ఉన్నాడు. ఫోన్ ఇచ్చి మీరే చెడగొట్టినారు. పింఛను కోసం వచ్చినట్టుంది" అన్నాడు. వెనక ఎవరో నవ్వినారు. నిమ్హాన్స్ కాగితం నా సంచిలోనే ఉంది, చూపించమని అడగలేదు, నేనూ తీయలేదు. కాగితం మీద 62 అని పడింది.

ఆ 62 అంటే ఏమిటో బయటికి వచ్చినాకే తెలుసుకున్నా. బోర్డులో వాడేది ఇసా అనే కొలత, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. ఆరు భాగాల్లో 40 అంశాలు: మనుషులతో కలవడం, భావాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియాలు, ఆలోచన. ప్రతి అంశానికి 1 నుంచి 5 వేస్తారు. ఆ ఇబ్బంది అరుదుగా, అంటే నూటికి ఇరవై సార్ల లోపు కనిపిస్తే 1. ఎనభై దాటితే 5. ఏ ఇబ్బందీ లేని బిడ్డకు కూడా 40 వస్తుంది. 70కి తగ్గితే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా తక్కువ, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 వస్తేనే 40 శాతం, 40 శాతం ఉంటేనే పింఛను, మిగతా సాయాలు.

ఇప్పుడు నా జవాబు చూడండి. "చూస్తాడు" అన్నా కాబట్టి ఆ అంశానికి 1 పడింది. నిజంగా పదిసార్లు పిలిచి లెక్కపెడితే మావాడు ఒకసారి చూస్తాడు. అది 5. ఒక్క "అవును సార్"తో నాలుగు మార్కులు పోయినాయి. ఇట్లా పది, పన్నెండు ప్రశ్నల్లో చేసినా. బిడ్డకు "వచ్చా రాదా" అని కాదు వాళ్ళడిగేది, "ఎన్నిసార్లు" అని. ఇది ఎవరూ చెప్పరు.

అందుకని రెండోసారికి 14 రోజులు నోట్‌బుక్ రాసినా. ఊహించి కాదు, లెక్కపెట్టి. వెనక నుంచి పదిసార్లు పేరు పిలువు, ఎన్నిసార్లు తిరిగినాడో రాయి. ఒక ఏడుపు ఎన్ని నిమిషాలు ఉంది, దేనికి మొదలైంది రాయి. స్కూలుకు రోజూ పోయే సందు వదిలి వేరే సందులో పోతే ఏమైంది రాయి. మావాడు నీళ్ళు అడగడు. నా మణికట్టు పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయి నా చెయ్యి బిందె మూత మీద పెడతాడు. అంతసేపూ నా మొహం చూడడు, చేతినే చూస్తాడు. ఇది ఉన్నది ఉన్నట్టు రాసుకున్నా. మనం పక్కనుండి చేయించింది వాడికి వచ్చినట్టు కాదు. అన్నం ముద్ద చేసి చేతికిస్తే తింటాడు అంటే, సొంతంగా తినడు అనే చెప్పాలి.

వీడియోలు మూడు చాలు, ఒక్కోటి నిమిషం లోపు. వెనక నుంచి పిలిచినప్పుడు ఒకటి, పెదనాన్న పిల్లల మధ్య ఉన్నప్పుడు ఒకటి, మొండికేసినప్పుడు ఒకటి. పాత కాగితాలన్నీ అసలువి, రెండేసి జిరాక్సులు పెట్టుకొని, అడక్కపోయినా బల్ల మీద పరచండి. ఆరోజు ఫోన్ ఇవ్వొద్దు. మరమరాలో, వాడికి ఇష్టమైన ప్లాస్టిక్ మూతలో తీసుకుపోండి. ఇంకో మనిషిని వెంట తీసుకుపోతే పిలుపు వచ్చేదాకా బయట తిప్పొచ్చు. తలుపు వేయమని అడగండి, అది మన హక్కు.

తిరస్కరిస్తే కారణం రాసిమ్మని అడగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది, రాష్ట్రం పెట్టిన గడువు లోపల పెట్టుకోవాలి. మేము పెట్టినాం, వేరే ఆసుపత్రికి పంపినారు. అక్కడ సైకాలజిస్టు మేడమ్ ముప్పావుగంట కూర్చోబెట్టింది, నోట్‌బుక్ పేజీ పేజీ తిప్పింది. 112 వచ్చింది, దానికే 70 శాతం. మంచి చేసినవాళ్ళ గురించి కూడా చెప్పాలి కదా, ఆ మేడమ్ పిల్లోడితో నేల మీద కూర్చొని చక్రాలు తిప్పింది.

ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ, ధ్యాస లేని ఇబ్బంది, అదొక్కటే ఉన్న పిల్లలకు ఈ దారి లేదు. ఆ చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బంది ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. వాళ్ళకు ఇంటి నుంచి ఒక ఫారం, స్కూలు టీచరు నుంచి ఒక ఫారం కావాలి. రెండు చోట్లా కనిపిస్తేనే నిర్ధారిస్తారు. టీచరుతో గొడవ పెట్టుకోకుండా ఆ ఫారం ముందే నింపించుకోండి.

సర్టిఫికెట్ వచ్చినాక పనులు: పింఛను నెలకు 6,000, సచివాలయంలో కొత్త దరఖాస్తులు తీసుకునేటప్పుడు పెట్టాలి. ఇలాంటి వైకల్యాలకు కేంద్రం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా, అందులో థెరపీ ఖర్చులకు కూడా ఇస్తారు, ముందు వైద్య పరీక్షలు అడగరు. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్ళకు 75,000 మినహాయింపు. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక టీచర్లు ఉచితంగా నేర్పిస్తారు. ముందు అక్కడికి పోయి చూసినాకే ప్రైవేటు సెంటర్లకు డబ్బు కట్టండి. 45 నిమిషాలు లోపల ఏం చేయించినారో చెప్పని సెంటరు మాకు వద్దనిపించి మానేసినాం. చివరి పది నిమిషాలు మనల్ని లోపల కూర్చోబెట్టి ఇంట్లో ఎట్లా చేయించాలో చూపించే చోటు మంచిది. స్టెమ్ సెల్ అని లక్షలు అడిగేవాళ్ళ జోలికి పోవద్దు, ఆటిజానికి దాన్ని వాడమని ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) చెప్పలేదు.

మాకు ఇచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్. పైన గడువు తేదీ ఉంటుంది, మీదీ చూసుకోండి. మా తేదీ నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టినా. ఈ పొద్దు పదిసార్లు పిలిస్తే మూడుసార్లు తిరిగినాడు, అదీ రాసినా.