2,700 తేడా

ఈరోజు 20వ తారీఖు. అకౌంట్స్ పని చేసేవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. జీఎస్టీ త్రీబీకి, అంటే నెలవారీ పన్ను రిటర్న్‌కి, ఆఖరి రోజు. నెలంతా పలకని పార్టీలన్నీ, అంటే నేను లెక్కలు చూసే వ్యాపారులంతా, పొద్దున్నే వాట్సాప్‌లో బిల్లుల ఫొటోలు పంపడం మొదలుపెట్టాయి. అందులో సగం తలకిందులు, మిగతా సగం మీద టీ మరకలు.

మిర్చి యార్డులో కమీషన్ దుకాణం నడిపే పెద్దాయన ఖాతా ఒక్కటీ సాయంత్రం దాకా తేలలేదు. ఆయన ఇప్పటికీ చిట్టా చేత్తోనే రాస్తాడు. ఆ చిట్టాకీ నా కంప్యూటర్‌లోని ట్యాలీ లెక్కకీ 2,700 తేడా వస్తోంది. ఫోన్ చేస్తే, "అమ్మా, నా చిట్టా తప్పదు, నీ కంప్యూటరే ఎక్కడో మింగేసింది చూసుకో" అన్నాడు. ల్యాప్‌టాప్ సంచీలో పడేసుకుని ఇంటికొచ్చేశాను.

ఇంట్లో ఇంకో పరీక్ష. పాపకి రేపు సోషల్. గైడు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని అప్పజెప్తోంది. మధ్యయుగ సమాజం పునరుజ్జీవన యుగంగా మారడానికి కారణాలు: ఒకటి, 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం, గ్రీకు పండితులు ఇటలీకి రావడం. రెండు, అచ్చుయంత్రం. మూడు, భూస్వామ్య వ్యవస్థ క్షీణించడం. నాలుగు... నాలుగు గుర్తు రాలేదు.

ఊరుకోవాల్సింది. కానీ నోరు ఊరుకోదు కదా. "1453 కంటే చాలా ముందే, 1397లోనే క్రిసొలోరాస్ అనే ఆయన కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఇటలీలోని ఫ్లోరెన్స్ వచ్చి గ్రీకు పాఠాలు చెప్పాడే?" అన్నాను. పాప ఒక కన్ను తెరిచి, "అమ్మా, మార్కులు నువ్వు వేస్తావా?" అంది. నిజమే. నోరు మూసుకుని పప్పులోకి తాలింపు పెట్టడానికి వెళ్లాను.

ఈ పిచ్చి నాకు బీకామ్‌లో పట్టుకుంది. మా లెక్చరర్ 'డబుల్ ఎంట్రీకి పితామహుడు పచోలీ, 1494, వెనిస్' అని బోర్డు మీద రాసి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడో చదివితే తెలిసింది, పచోలీ ఆ పద్ధతిని, అంటే ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాయడాన్ని, అచ్చులో పెట్టాడంతే. అప్పటికి వందేళ్ల ముందే ఇటలీ వర్తకులు అలా పద్దులు రాసుకుంటున్నారు. వాళ్లలో నాకు బాగా దగ్గరైనవాడు ఫ్రాంచెస్కో దతీనీ. ఫ్లోరెన్స్ పక్కన ప్రాటో అనే చిన్న ఊరు అతనిది. ఉత్తరం ముక్క కూడా పారెయ్యని మనిషి. 1410లో చనిపోతే, 1870 ప్రాంతంలో అతని ఇంట్లో మెట్ల దగ్గర మూసేసిన చోట దాదాపు లక్షన్నర ఉత్తరాలు, వందల కొద్దీ ఖాతా పుస్తకాలు బయటపడ్డాయి. ఆరేళ్ల పాత ఫైల్ అడిగితే చెదలు తినేసిందని చెప్పే మా పార్టీలకి ఇతని ఫొటో ఫ్రేము కట్టించి ఇవ్వాలి.

ఆ ఖాతా పుస్తకాల తలమీద అతను రాయించుకున్న మాట 'దేవుడి పేరిట, లాభం పేరిట'. ఇది చదివినప్పుడు మా తాతయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది. చిట్టా పైన 'శ్రీరామ' అని రాసి మొదలుపెట్టేవాడు. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గరికొస్తే ఆ మాట నోట పలక్కుండా ఆరున్నొకటి. ఆ ప్రాటో మనిషి వచ్చి పక్కన కూర్చుంటే ఇద్దరికీ భాష తెలియకపోయినా పొత్తు కుదిరేదేమో.

దేవుడు ఒక్కడే ఉండాల్సిన పేజీలో లాభం కూడా వచ్చి కూర్చుంది, సిగ్గుపడకుండా. పాప గైడులో నాలుగో కారణంగా నేను రాయాలంటే ఇదే రాస్తాను. మధ్యయుగంలో వడ్డీ పాపం, లాభం అనుమానం. దతీనీకి కూడా ఆ భయం పోలేదు. జీవితమంతా సంపాదించి, చివరికి ఆస్తిలో చాలా మటుకు ప్రాటో బీదలకి రాసిపోయాడు. పాత కాలం మనిషా, కొత్త కాలం మనిషా అంటే చెప్పలేం. రెండు పద్దుల్లోనూ ఉన్నాడు.

ఇంకో సంగతి గైడులో లేనే లేదు. ప్లేగు. 1347లో సిసిలీలోని మెస్సీనా రేవుకి వచ్చిన జెనోవా ఓడలతో దిగింది. 1348కి ఫ్లోరెన్స్ చేరింది. ఊళ్లో సగం మందికి పైగా పోయారని అంచనా. దతీనీ అమ్మా నాన్నా, ఇద్దరు తోబుట్టువులూ ఆ ఏడాదే పోయారు. అతనికప్పుడు పదమూడేళ్లు ఉంటాయేమో. ఏడాదో రెండేళ్లో తిరక్కుండా చేతిలో ఉన్న కాస్త డబ్బుతో అప్పట్లో క్రైస్తవ మతగురువు పోప్ ఉండే అవిన్యాన్‌కి వెళ్లి, కవచాలూ కత్తులూ అమ్మడం మొదలుపెట్టాడు.

అంతమంది చచ్చిపోతే బతికినవాడి చెయ్యికి విలువ పెరిగింది. ఇది అర్థం కావాలంటే చరిత్ర చదవక్కర్లేదు. మిర్చి ఏరడానికి కూలీలు దొరకని ఏడాది ఏమవుతుందో మా కమీషన్ పెద్దాయన చెప్తాడు: కూలి పెరుగుతుంది, ఆటో కిరాయి రైతే పెట్టుకోవాలి, పొద్దున టిఫిను కూడా. ఇంగ్లండులో దొరలు 1351లో చట్టమే చేశారు, ప్లేగుకి ముందున్న కూలికే పని చెయ్యాలని. చట్టం కాగితం మీద ఉండిపోయింది, కూలీలు ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి పోయారు. భూమికి కట్టేసిన మనిషి కదలడం మొదలైంది.

ఫ్లోరెన్స్‌లో మాత్రం కొరత తీర్చుకోవడానికి ఇంకో దారి వెతికారు. 1363లో క్రైస్తవులు కాని బానిసల్ని తెచ్చుకోవచ్చని అధికారికంగా ఒప్పుకున్నారు. దతీనీ ఇంట్లోనూ లూచియా అనే బానిస పిల్ల ఉండేది. ఆమెకీ అతనికీ పుట్టిన కూతురు జినేవ్రాని అతని భార్య మార్గెరీటా సొంత బిడ్డలా పెంచింది. మార్గెరీటాకి పిల్లలు పుట్టలేదు. పునరుజ్జీవనం అనగానే బొమ్మలూ శిల్పాలూ చూపిస్తారు. నాకు ఆ ఇంటి వంటగది గుర్తొస్తుంది. ఆ ముగ్గురు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో.

మార్గెరీటాకి మొదట రాయడం అంతగా రాదు. మొగుడు ఫ్లోరెన్స్‌లో, తను ప్రాటోలో. ఎవరితోనో చెప్పి ఉత్తరాలు రాయించేది. ముప్పై దాటాక పట్టుబట్టి సొంతంగా రాయడం నేర్చుకుంది. ఆమె ఉత్తరాలు రెండు వందలకు పైగా మిగిలాయి. పిండి, వైను, బట్టలు, పనివాళ్లు, మధ్యలో మొగుడికి చురకలు.

తొమ్మిదిన్నరకి తిండి అయ్యాక మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పుడు బుర్ర పనిచేసింది. 2,700ని 9తో భాగిస్తే సరిగ్గా 300. శేషం లేకుండా 9తో భాగం పోతే అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడాలి, అది మా పనిలో మొదటి పాఠం. టెన్షన్‌లో అదే మర్చిపోయాను. వెతికితే దొరికింది: 14వ తారీఖు హమాలీ ఖర్చు. చిట్టాలో 6,300. నేను కొట్టింది 3,600. పెద్దాయన చిట్టా తప్పలేదు.

దిద్దుతుంటే ఒకటి తట్టింది. దతీనీకి ముందు తరాల వాళ్లకి ఈ తప్పు చేసే అవకాశమే లేదు. రోమన్ అంకెల్లో 63 అంటే ఎల్ ఎక్స్ ఐ ఐ ఐ. 36 అంటే ఎక్స్ ఎక్స్ ఎక్స్ వి ఐ. ఏది ముందుకి జరిపినా రెండోది రాదు. స్థానాన్ని బట్టి విలువ మారే అంకెలు మనవి. అరబ్బుల దగ్గర నేర్చుకుని 1202లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ 'ఇండియా వాళ్ల తొమ్మిది అంకెలు' అంటూ ఇటలీ వర్తకులకి విడమర్చి రాశాడు. 1299లో ఫ్లోరెన్స్ డబ్బు మారకందారుల సంఘం ఖాతాల్లో అవి వాడకూడదని నిషేధం పెట్టింది. సున్నాకి చిన్న తోక తగిలిస్తే ఆరో తొమ్మిదో అవుతుందని భయం అంటారు. తీరా నలభై ఏళ్లు తిరక్కుండా అదే ఊళ్లో వెయ్యి మందికి పైగా కుర్రాళ్లు లెక్కల బడుల్లో కూర్చుని ఈ విద్యే నేర్చుకుంటున్నారని ఆ ఊరి చరిత్ర రాసిన విల్లానీ చెప్పాడు. పాపం, ఆయనా 1348 ప్లేగులోనే పోయాడు.

రిటర్న్ వెయ్యబోతే సైటు తిరుగుతూనే ఉంది. ఆ గ్యాప్‌లో పాప పుస్తకం తిరగేశాను. పాఠం చివర ఒక భవనం ఫొటో. సన్నటి స్తంభాలు, వాటి మీద అర్ధచంద్రాకారపు కమానులు, కమానుల మధ్య నీలం పలకల్లో గుడ్డలు చుట్టిన పసిబిడ్డలు. ఫ్లోరెన్స్ అనాథ శిశువుల ఆశ్రమం, బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి 1419లో గీసింది. పునరుజ్జీవన శైలిలో మొట్టమొదటి కట్టడం అని చాలామంది అంటారు. కింద క్యాప్షన్‌లో డబ్బు సంగతి లేదు. దతీనీ వీలునామాలో అనాథ పిల్లల కోసం రాసిన 1,000 ఫ్లోరిన్లతోనే (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) ఆ ఆలోచనకి మొదటి పైకం పడింది. లూచియా లాంటి వాళ్లకి పుట్టి, జినేవ్రా అంత అదృష్టం లేని పిల్లలు కూడా ఆ కమానుల కిందికే వచ్చేవాళ్లు.

11:40కి రిటర్న్ వెళ్లింది. పెద్దాయనకి 'తేడా దొరికింది, తప్పు నాదే' అని మెసేజ్ పెడితే వెంటనే ఒక దండం బొమ్మ వచ్చింది. ఇంకా నిద్రపోలేదన్నమాట.

పాప పుస్తకం మీదే పడుకుంది. తీసి సర్దుతుంటే నోట్సులో జవాబు కనబడింది. ఒకటి, 1453 అని నీలం సిరాతో గుండ్రంగా, గైడులో ఉన్నట్టే. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్నగా: 'అమ్మ 1397 అంటోంది. పరీక్షలో రాయకూడదు.'