మూతపడిన గని జ్ఞాపకాలను నమోదు చేసిన అనుభవం

మా బొగ్గు గని మూతపడ్డాక యంత్రాలు తరలిపోయాయి, దిగుడు దారిని పూడ్చివేశారు. కింద పని ఎలా సాగేదో చెప్పగలిగినది ఇక అందులో పనిచేసినవారి జ్ఞాపకమే కనుక, దానిని నమోదు చేసే పనికి నేను పూనుకున్నాను.

విడివిడిగా అడిగినప్పుడు ఎప్పుడు చేరారో, ఏ షిఫ్టో చెప్పేవారు గాని, పని తీరు దగ్గరికి వచ్చేసరికి “ఏముంది, దిగేవాళ్లం, తవ్వేవాళ్లం” అని ఊరుకునేవారు. అందుకని కొందరిని ఒకచోట కూర్చోబెట్టి, పెద్ద కాగితం పరచి, గని నక్షాను వారి చేతనే గీయించాను. పైకప్పును మోయడానికి బొగ్గు దిమ్మెలను వదిలి, వాటి మధ్య దారులు తవ్వుకుంటూ పోయే పద్ధతి కావడంతో నక్షా గళ్లు గళ్లుగా వచ్చింది. ఒకరు గీసిన దారిని మరొకరు కొట్టివేసి తిరిగి గీస్తుంటే మాట దానంతటదే సాగింది. పైకప్పు బరువు పెరిగితే దానికి ఆనించిన కర్ర గుంజలు కిర్రుమని ముందే హెచ్చరించేవనీ, ఇనుప గుంజలు వచ్చాక ఆ చప్పుడు లేక పాతవారికి ధైర్యం చాలలేదనీ అప్పుడే తెలిసింది. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షణ దీపం గురించి నేను చదివి ఉన్నాను. అయితే వత్తిని బాగా తగ్గిస్తేనే మంటపై, పేలే గుణమున్న మీథేన్ వాయువును సూచించే లేత నీలి వెలుగు కనబడుతుందని ఒక పెద్దాయన చేతులతో చూపించి చెప్పారు.

స్త్రీలతో వేరుగా సమావేశమయ్యాను. షిఫ్టు మారని వేళ సైరన్ మోగితే పొయ్యి మీదిది వదిలి గని గేటుకు పరుగెత్తిన సంగతి వారే చెప్పారు. ఏ రిజిస్టరులోనూ అది ఉండదు.

వేల్స్‌లోని బిగ్ పిట్ గని 1980లో మూతపడి 1983లో మ్యూజియంగా తెరుచుకున్నప్పుడు పూర్వ కార్మికులే సందర్శకులను కిందికి తీసుకెళ్లారు. మాకు దిగే దారే లేదు కనుక గొంతులనే జాగ్రత్తపరచాలి. ప్రతి రికార్డింగుకూ అనుమతి పత్రం రాయించుకుని, ప్రతులను వేర్వేరు చోట్ల దాచాం. ఫొటోల వెనుక పేర్లను మెత్తని పెన్సిలుతో రాశాం, ఎందుకంటే సిరా ముందువైపుకు ఊరుతుంది.

చిక్కంతా ఒక ప్రమాదం దగ్గర వచ్చింది. కప్పు కూలడానికి గుంజలు చాలకపోవడమే కారణమని కొందరు, హెచ్చరిక వినకపోవడమని మరికొందరు చెప్పారు. రాజీ కుదిర్చి ఒకే కథ రాయమన్న సలహాను నేను ఒప్పుకోలేదు; రెండింటినీ చెప్పినవారి మాటల్లోనే ఉంచాను. మరణించినవారి కుటుంబం కోరినందున, ఆ రికార్డింగులను వారు అనుమతించేవరకు ఎవరికీ వినిపించకూడదని సూచికలో రాసిపెట్టాం.