చిన్న రసాల పుల్ల ఐసు

మే నెలలో మా సత్యనారాయణపురం ఇంట్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్లే. నూజివీడు చిన్న రసాల మామిడిపళ్లు బజారుకి రాగానే నేను పుల్ల ఐసు పని మొదలుపెడతాను. బంగినపల్లి కోసుకు తినడానికి బాగుంటుంది కానీ, ఐసుకి ఆ రసాల వాసనే కావాలి నాకు.

ఆరు కాయలు మెత్తగా పిసికి రసం వడకట్టాలి, లేకపోతే పీచు పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. నాలుగు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, అరచెక్క నిమ్మరసం. రుచి చూస్తే తీపి కాస్త ఎక్కువే అనిపించాలి. చల్లబడ్డాక నాలుకకి తక్కువగా తెలుస్తుంది. అలాగని గుమ్మరిస్తే గడ్డకట్టదు. మొదటిసారి నేను అదే చేశాను. లాగితే పుల్ల ఒక్కటే చేతికొచ్చింది, మా చిన్నాడు ఏడ్చేశాడు. పంచదార మానేసి నీళ్లు కలిపితే మళ్లీ రాయే.

అచ్చులు కొనలేదు, చిన్న స్టీలు గ్లాసులు చాలు. వాటిలో పోసి ఫ్రీజర్లో పెట్టిన గంటన్నరకి కాస్త గట్టిపడ్డాక పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. రాత్రంతా ఉంచి, మర్నాడు మధ్యాహ్నం గ్లాసుని ఆ కుళాయి కింద ఒక్క క్షణం తిప్పుతాను, జారి వచ్చేస్తుంది. మొదటిది మా అత్తయ్యకి. ఆవిడ కొరకలేరు, గిన్నెలో వేసి చెంచా ఇస్తాను.